తోట రైలుకి పాత పాయింట్లా, కొత్తవా? రెండూ కలిపి వేస్తే బండి పట్టా దిగుతోంది

#1 తోటపట్టా
అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా పెదనాన్నగారు చాలా ఏళ్లు 45 మి.మీ. గేజ్ తోట రైలు (ఆరుబయట వేసుకునే చిన్న నమూనా రైలు) నడిపారు. మోకాళ్ల నొప్పులతో ఇక నేల మీద వంగి పని చేయలేనని పెట్టెలన్నీ నాకు ఇచ్చేశారు. వాటిలో ఆర్1 (బిగువు వంపు) పాయింట్లు, అంటే ఒక లైను రెండు దారులుగా చీలే ముక్కలు, ఎనిమిది ఉన్నాయి. ఇత్తడి పట్టాలు, ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు) మాత్రం ప్లాస్టిక్. మెయిన్ లైను కోసం నేను కొత్తగా నాలుగు కొన్నాను. అవి ఆరో నంబర్ పాయింట్లు, ఫ్రాగ్ పోత లోహం, అడుగున వైర్లు. పాత, కొత్త రెండూ కలిపి లైను వేశాను. అప్పటి నుంచి తిప్పలే.

ఒక వంపు ముక్క తీసి ఆ చోట కొత్త పాయింటు పెడదామంటే కూర్చోవడం లేదు. పెదనాన్నగారి రెండిరుసుల చిన్న ఇంజన్ పాత పాయింట్ల మీద నున్నగా వెళ్తుంది, కొత్తవాటి మీద మాత్రం ఫ్రాగ్ దగ్గర ఎగిరి ఒక్కోసారి పట్టా దిగుతుంది. నా పొడవాటి డీజిల్ ఇంజన్‌ది దీనికి రివర్స్. కొత్తవాటి మీద టిక్కుమని చిన్న శబ్దంతో దాటేస్తుంది, పాతవాటి మీద ముందు బోగీ (ఇంజన్ కింద ముందు చక్రాల చట్రం) గుంటలో పడ్డట్టు దభీమని ఊగుతుంది. ఒక గూడ్స్ వ్యాగన్ అయితే పాతవాటి మీద ప్రతిసారీ పట్టా ఎక్కేస్తుంది. వీటికి తోడు ఈ మధ్యే డిజిటల్‌కి (పట్టాల్లోంచే సంకేతాలు పంపి ఇంజన్లు నడిపే పద్ధతికి) మారాను. ఏదో ఒక పాయింటు దాటేటప్పుడు లైను మొత్తం ఆగిపోతోంది.

పాతవన్నీ తీసేయాల్సిందేనా? పెదనాన్నగారు చూడటానికి వస్తానన్నారు. ఆయన పాయింట్లు పక్కన పడేశానని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

#2 ఇత్తడిపెట్టె
తమ్ముడూ, స్వాగతం. ముందు ఆ ఎనిమిదీ జాగ్రత్తగా దాచు, ఏదీ పారేయకు.

అవి అలా ఎందుకు తయారయ్యాయో తెలిస్తే నీ మొదటి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 1968లో న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో లేమాన్ కంపెనీ ఎల్‌జీబీ అనే రైలు తెచ్చింది. మీటర్ గేజ్ రైళ్లని 1:22.5కి కుదిస్తే పట్టాల మధ్య దాదాపు 45 మి.మీ. వస్తుంది. ఇంట్లో నేల మీదా, బయట మట్టిలోనూ నడవాలి, పిల్లలు కూడా వేసుకోగలగాలి. అందుకని ఆర్1 వంపు వ్యాసార్ధం 600 మి.మీ. పెట్టారు. ఒక్కో ముక్క 30 డిగ్రీలు, పన్నెండు కలిపితే గుండ్రం పూర్తి. ఇప్పుడు లెక్క చూడు: 600 వ్యాసార్ధంతో 30 డిగ్రీలు తిరిగితే ముందుకి వెళ్లే దూరం సరిగ్గా 300 మి.మీ. మామూలు తిన్నని పట్టా ముక్క పొడవు కూడా 300. అంటే ఆర్1 పాయింటులో ఒక దారి ఒక తిన్నని ముక్క, ఇంకో దారి ఒక వంపు ముక్క. లైనులో ఎక్కడ ఏ ముక్క తీసినా ఆ చోట పాయింటు పెట్టేయొచ్చు, కొయ్యక్కర్లేదు. చాలా తెలివైన ఆలోచన అది. ఈ రోజుకీ నాకు దాని మీద గౌరవం తగ్గలేదు.

నువ్వు కొన్న ఆరో నంబర్‌ది వేరే సంప్రదాయం. అసలు రైల్వేలో ఉన్నట్టు టంగ్ రైలు (దారి మార్చడానికి కదిలే పట్టా) నుంచి ఫ్రాగ్ వరకే వంపు, ఫ్రాగ్ దాటాక తిన్నగా పోతుంది. ఆరు ముక్కల దూరం ముందుకి వెళ్తే ఒక ముక్క పక్కకి జరుగుతుంది, అదే ఆ నంబర్ అర్థం. కోణం తొమ్మిదిన్నర డిగ్రీలు. పాత పాయింటు బండిని 30 డిగ్రీలు తిప్పి వదులుతుంది, ఇది తొమ్మిదిన్నర దగ్గరే వదిలేస్తుంది. మిగతా ఇరవై డిగ్రీలూ నువ్వే వేరే వంపు ముక్కలతో పూర్తి చేయాలి. పైగా పొడవు కూడా దాదాపు రెండింతలు. వంపు ముక్క చోట కూర్చోదు, కూర్చోవాలని చూడకు.

#3 ఆవిరిబండి
ఇత్తడిపెట్టె గారి చరిత్ర పాఠం బాగుంది కానీ సలహాలో నాకు తేడా ఉంది. తోటపట్టా గారూ, మెయిన్ లైనులో ఆర్1 ఒక్కటి కూడా ఉంచకండి. నేను నడిపేవి అసలైన ఆవిరి ఇంజన్లు. ఇరుసుల మధ్య దూరం ఎక్కువున్న ఇంజన్ 600 వ్యాసార్ధంలోకి దూరగానే చక్రాలని కలిపే పక్క కడ్డీలు బిగుసుకుంటాయి, వేగం సగానికి పడిపోతుంది, బయటికి రాగానే ఒక్కసారి పరుగెత్తుతుంది. ఆవిరికి రెగ్యులేటర్ పట్టుకునే వాడు పక్కన ఉండడు కదా.

రెండు ఆర్1 పాయింట్లు ఎదురెదురుగా పెట్టి ఒక లైను నుంచి పక్క లైనుకి దారి వేస్తే ఇంకా ఘోరం. ఎడమకి తిరిగి వెంటనే కుడికి తిరగాలి. పొడవు పెట్టెలుంటే కప్లర్లు చెరో వైపు లాగుతాయి, తేలిక పెట్టె ఎగిరి పడుతుంది. ఆర్1 అంటే ఫ్రాగ్ నంబర్ రెండు కూడా రాదు. 30 డిగ్రీల కోణానికి లెక్కేసుకోండి.

#4 కొలబద్ద
ఆవిరిబండి గారూ, ఎస్ వంపు గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఆఖరి వాక్యం మాత్రం సరిదిద్దాలి. ఆర్1లో మొత్తం మలుపు 30 డిగ్రీలు, కానీ ఫ్రాగ్ దగ్గర కోణం అంత ఉండదు. వంపు ఫ్రాగ్ గుండా సాగి అవతలికి కూడా వెళ్తుంది. బయటి పట్టా వ్యాసార్ధం 622.5. అది పక్కకి 45 మి.మీ. జరిగిన చోట అవతలి పట్టాని దాటుతుంది. అక్కడికి తిరిగింది దాదాపు 22 డిగ్రీలే. అంటే ఫ్రాగ్ నంబర్ రెండున్నర చుట్టూ. అదే లెక్కన 1195 వ్యాసార్ధం ఉన్న ఆర్3కి మూడున్నర పైన వస్తుంది. అందుకే ఆర్1కీ ఆరో నంబర్‌కీ మధ్య ఆర్3 మంచి మెట్టు.

తోటపట్టా గారూ, మీ ఇంజన్లు ఎగరడం, ఊగడం వంపు వల్ల కాదని నా అనుమానం. ఫ్రాగ్ దగ్గరే జరుగుతోందన్నారు కదా. (ఫ్రాగ్ అంటే కప్ప అనుకుని చాలామంది తికమక పడతారు. గుర్రం గిట్ట అడుగున వీ ఆకారంలో ఉండే మెత్తని భాగాన్ని ఇంగ్లీషులో ఫ్రాగ్ అంటారు, పోలిక దానితో.) ఒక వెర్నియర్ కాలిపర్ తీసుకుని ఇవి కొలిచి చెప్పండి. ప్రతి బండికీ: ఒక ఇరుసు మీద రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం, ఫ్లాంజ్ (పట్టా లోపలి వైపు కిందికి దిగే చక్రం అంచు) మందం, ఫ్లాంజ్ లోతు. పాయింట్లకి: చెక్ రైలు (ఫ్రాగ్‌కి ఎదురు పట్టా పక్కన ఉండే కాపు పట్టా) పక్కన సందు వెడల్పు, ఫ్రాగ్ పక్కన సందు వెడల్పు, ఫ్రాగ్ సందు అడుగు ఎంత లోతులో ఉందో. పాతవాటిలో ఒకటి, కొత్తవాటిలో ఒకటి చాలు. కొలవకుండా ఎవరం ఏం చెప్పినా ఊహే.

#5 బ్యాటరీబండి
డిజిటల్ షార్ట్ సంగతి వరకు చిన్న మాట. ఇంజన్‌లో బ్యాటరీ పెట్టి రేడియోతో నడిపితే ఫ్రాగ్ ప్లాస్టిక్ అయినా ఇనుమైనా తేడా లేదు. పట్టాలు తుడిచే పని కూడా ఉండదు. నేను మారాక వెనక్కి చూడలేదు.

#6 తోటపట్టా
బ్యాటరీబండి గారూ, ఆలోచిస్తాను. ప్రస్తుతానికి డీకోడర్లన్నీ (ఇంజన్లలో డిజిటల్ సంకేతాలు అందుకునే బోర్డులు) బిగించేశాను.

కొలబద్ద గారూ, నిన్న రాత్రి భోజనం అయ్యాక కూర్చుని అన్నీ కొలిచాను. కాలిపర్ రెండు కొనలూ చక్రాల వెనక పెట్టి మూడు చోట్ల తిప్పి చూశాను.

పెదనాన్నగారి ఇంజన్: లోపలి దూరం 39.5, ఫ్లాంజ్ మందం 1.6, లోతు 3.0.
నా డీజిల్: లోపలి దూరం 40.1, మందం 1.4, లోతు 2.0.
పట్టా ఎక్కే వ్యాగన్: లోపలి దూరం 38.6. మిగతావి పాత ఇంజన్‌లాగే.

పాత పాయింటు: చెక్ రైలు సందు 3.0, ఫ్రాగ్ సందు 3.0, అడుగు లోతు 3.4. అడుగున ప్లాస్టిక్ మెరుస్తోంది, చక్రాలు రాసి రాసి గాడి పడింది.
కొత్త పాయింటు: చెక్ రైలు సందు 4.0, ఫ్రాగ్ సందు 4.0, అడుగు లోతు 2.5. ఫ్రాగ్ ముక్కు (వీ ఆకారం మొన) కొసన చిన్న తెల్ల గీతలు, ఏదో తగిలినట్టు.

#7 కొలబద్ద
ఇంత చక్కగా కొలిచి రాసినందుకు థాంక్స్. మీ కష్టాలన్నీ ఈ అంకెల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

చెక్ రైలు పని ఏమిటి? ఒక చక్రం ఫ్రాగ్ దాటుతున్నప్పుడు అవతలి చక్రాన్ని వెనక నుంచి పట్టి ఉంచడం. అలా పట్టి ఉంచితేనే ఇవతలి ఫ్లాంజ్ ముక్కుకి తగలకుండా పక్క సందులోకి వెళ్తుంది. మీ కొత్త పాయింటులో చెక్ రైలు సందు 4.0. గేజ్ 45లోంచి తీసేస్తే 41. చెక్ రైలు పట్టే అంచు నుంచి ముక్కు వరకు ఉన్న చోటు అంతే. మీ పాత ఇంజన్‌కి లోపలి దూరం 39.5, దానికి ఫ్లాంజ్ మందం 1.6 కలిపితే 41.1. ముక్కుని గీసుకుంటూ పోతుంది. డీజిల్‌కి 40.1, 1.4 కలిపితే 41.5. ఇంకాస్త గట్టిగా తగులుతుంది. మీరు విన్న టిక్కు శబ్దం అదే, ఆ తెల్ల గీతలు అవే. డీజిల్ బరువు మీద దాటిపోతోంది, అంతే.

మరి తక్కువ తగిలే పాత ఇంజన్ ఎందుకు ఎగురుతోంది? దానికి రెండో కారణం ఉంది. దాని ఫ్లాంజ్ లోతు 3.0, కొత్త ఫ్రాగ్ అడుగు 2.5 లోనే ఉంది. ఫ్లాంజ్ కొస అడుగుని తాకి చక్రం అర మి.మీ. పైకి లేస్తుంది. లేచిన చక్రాన్ని ముక్కు పక్కకి నెడుతుంది.

పాత పాయింటులో డీజిల్ ఊగడం దీనికి తిరగబడ్డ కథ. కోణం అంత పెద్దదైనప్పుడు ఫ్రాగ్ దగ్గర ఖాళీ పెద్దగా ఉంటుంది. చక్రం ఆ ఖాళీలో పడకుండా పాతకాలం వాళ్లు ఒక ఉపాయం చేశారు. లోతైన ఫ్లాంజ్ కొస సందు అడుగు మీద దొర్లుతూ దాటేలా అడుగుని పైకి పెట్టారు. 3 మి.మీ. ఫ్లాంజ్‌కి అది వంతెన. మీ డీజిల్‌కి 2 మి.మీ. ఫ్లాంజ్, గాడి పడిన అడుగు 3.4 లోతు. కింద ఆసరా లేక చక్రం గుంటలోకి దిగుతుంది.

ఇక వ్యాగన్. పాత పాయింటులో చెక్ రైలుకీ వింగ్ రైలుకీ (ఫ్రాగ్ ముక్కు పక్కన సందుకి అవతల ఉండే పట్టా) మధ్య 45లోంచి రెండు సందులు పోగా 39 ఉంది. వ్యాగన్ చక్రాల లోపలి దూరం 38.6. ఆ 39ని ఈ 38.6 లోపల ఇరికించాలంటే ఎలా? ఇరుక్కుని పైకి ఎక్కుతుంది. ఇది పాయింటు తప్పే కాదు. చక్రాలు ఇరుసు మీద లోపలికి జరిగి ఉన్నాయి. మెల్లగా తిప్పుతూ 40 దగ్గరికి లాగండి. నా బండ్లన్నీ 40కే పెట్టుకుంటాను.

#8 ఆవిరిబండి
ఫ్రాగ్ కోణం లెక్క ఒప్పుకుంటున్నాను కొలబద్ద గారూ, నేను మొత్తం మలుపునే పట్టుకున్నాను. ఇన్నాళ్లూ అలాగే అనుకుంటున్నా.

#9 తోటపట్టా
ఇది చదివి రెండు సార్లు పాయింటు దగ్గరికి వెళ్లి చూసొచ్చాను. నిజంగానే పాత ఇంజన్‌ని చేత్తో మెల్లగా తోస్తే ఫ్రాగ్ దగ్గర చక్రం పట్టా నుంచి లేచి, కింద నుంచి వెలుతురు కనిపిస్తోంది.

మరి ఏం చేయాలి? పాతదాని అడుగు నింపితే పాత ఇంజన్ ఎగురుతుంది, నింపకపోతే డీజిల్ పడుతుంది.

#10 కొలబద్ద
కొత్తదానికి మందు సులువు. 1 మి.మీ. మందం ప్లాస్టిక్ షీటు నుంచి సన్నని పట్టీ కోసి, చెక్ రైలుకి చక్రం రాసే వైపు అతికించండి. సందు 4 నుంచి 3 అవుతుంది, ముక్కు వరకు చోటు 42 అవుతుంది. మీ రెండు ఇంజన్లూ తగలవు. పట్టీ రెండు కొసలూ ఏటవాలుగా అరగదీయండి, లేదంటే చక్రం వచ్చి మొండి అంచుకి కొట్టుకుంటుంది. అతికించే ముందు పట్టాని శాండ్‌పేపర్‌తో గరుకు చేసి స్పిరిట్‌తో తుడవండి. ఎండకీ వానకీ ఊడిపోయేది చాలావరకు తుడవని అతుకే.

కొత్తదాని అడుగు తర్వాత సంగతి. పట్టీ వేశాక కూడా పాత ఇంజన్ లేస్తుంటే సన్నని చదును ఆకురాయితో ఆ అర మి.మీ. తీసేయండి. తీసే ముందు డీజిల్ బోగీని చేత్తో దొర్లించి చూడండి. చక్రం వెడల్పు భాగం వింగ్ రైలు మీద నుంచి ముక్కు మీదికి నేరుగా మారుతుంటే అడుగు ఆసరా దానికి అక్కర్లేదు, ధైర్యంగా తీయొచ్చు.

పాతవాటికి రెండు రకాల చక్రాలనీ మెప్పించే దారి లేదు. అరిగిన గాడిలో 0.4 పట్టీ వేసి మళ్లీ 3.0కి తెస్తే పెదనాన్నగారి బండ్లకి కొత్తలా ఉంటుంది. డీజిల్‌ని అటు పంపకండి.

#11 ఇత్తడిపెట్టె
నేను చెప్పదలుచుకున్నది ఇదే. మెయిన్ లైనంతా ఆరో నంబర్లతో వేసుకో. పాత ఎనిమిదీ యార్డులో పెట్టు. ఆర్1కీ ఆర్2కీ వ్యాసార్ధాల్లో తేడా 165 మి.మీ., పాత ముక్కలతో పక్కపక్క లైన్లు ఆ ఎడంతో చక్కగా వస్తాయి. చిన్న ఇంజన్, చిన్న వ్యాగన్లు, మెల్లగా అటూ ఇటూ మార్చుకునే ఆట. అక్కడ ఆరో నంబర్ పెడితే చోటంతా పాయింట్లే మింగేస్తాయి, బండ్లు నిలపడానికి పట్టా మిగలదు.

ఆవిరిబండి గారు అన్నట్టు మెయిన్ లైనులో ఆర్1 వద్దు, అది నేనూ ఒప్పుకుంటాను.

#12 రెండుతీగలు
డిజిటల్ ట్రిప్‌కి (లైను మొత్తం ఆగిపోవడానికి) కారణం ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను.

పాత ప్లాస్టిక్ ఫ్రాగ్‌కి కరెంటు లేదు. అక్కడ రెండిరుసుల ఇంజన్ ఆగిపోవాలి కదా, పెదనాన్నగారిది ఎందుకు ఆగడం లేదు? చక్రాల మధ్య కింద చూడండి, పట్టా మీద జారే చిన్న లోహపు షూలు ఉండొచ్చు. ఎల్‌జీబీ ఇంజన్లు చాలావాటికి ఉంటాయి. ఒక చక్రం ప్లాస్టిక్ మీద ఉన్నా షూ అసలు పట్టా మీద ఉంటుంది. ఫ్రాగ్, షూ రెండూ ఒకదాన్ని చూసి ఒకటి తయారయ్యాయి. షూలు లేని ఇంజన్లు ఎక్కువయ్యేకొద్దీ కరెంటు ఉన్న లోహపు ఫ్రాగ్ కావాల్సి వచ్చింది.

కరెంటు ఉన్న ఫ్రాగ్‌తో వచ్చే చిక్కు ఇది. బండి ఏ దారిలో పోతుందో దాన్ని బట్టి ఫ్రాగ్ ఒకసారి ఎడమ పట్టా, ఒకసారి కుడి పట్టా కావాలి. పాయింటు కదిలినప్పుడు దానితో పాటు ఒక మైక్రోస్విచ్ ఆ మార్పు చేస్తుంది. మట్టి చేరి మైక్రోస్విచ్ ఇరుక్కుంటే టంగ్ రైలు ఒక దారికి, ఫ్రాగ్ ఇంకో దారికి ఉంటాయి. ఇంజన్ చక్రం ఎక్కగానే షార్ట్. పాత డీసీ కంట్రోలర్ అయితే ఇంజన్ ఒక క్షణం తడబడి ఊపు మీద దాటేది, మనకి తెలిసేదే కాదు. డిజిటల్ స్టేషన్ వెంటనే పసిగట్టి లైను మొత్తం కట్ చేస్తుంది. తప్పు పాతదే, డిజిటల్ దాన్ని బయటపెట్టింది.

మీటర్ ఉందా? బీప్ మోడ్‌లో ఒక కొన ఫ్రాగ్ మీద, ఇంకో కొన స్టాక్ రైలు (టంగ్ రైలు ఆనుకునే కదలని పట్టా) మీద పెట్టి పాయింటుని అటూ ఇటూ మార్చండి. ఒక వైపు బీప్ రావాలి, ఇంకో వైపు ఆగి అవతలి స్టాక్ రైలుతో రావాలి. నాలుగూ చూసి చెప్పండి.

ఇంకో అలవాటు మానుకోవాలి. పాత పాయింట్లకి స్ప్రింగ్ ఉంటుంది. వెనక వైపు నుంచి బండి వస్తే, దారి ఎటు ఉన్నా చక్రాలే టంగ్ రైళ్లని నెట్టుకుని పోతాయి. పెదనాన్నగారు అలా నడిపే ఉంటారు. కరెంటు ఉన్న ఫ్రాగ్‌తో అలా వస్తే మళ్లీ షార్టే.

#13 తోటపట్టా
షూలు ఉన్నాయి! ఇంజన్ తిప్పి చూస్తే రెండు వైపులా ఉన్నాయి, కింద భాగం అరిగి చదునైపోయింది. ఇన్నాళ్లూ అవి బ్రేకుల నమూనా అనుకున్నాను.

మీటర్‌తో చూశాను. మూడు సరిగ్గా ఉన్నాయి. నాలుగోది రెండు వైపులా ఒకే స్టాక్ రైలుతో బీప్ అంటోంది. మూత తీస్తే మైక్రోస్విచ్ మీట పక్కన తడి ఇసుక, ఒక చీమల గూడు.

ఇంకో ప్రశ్న. పాతవాటిలో నాలుగింటికి మోటార్ పెట్టెలు ఉన్నాయి, రెండేసి తీగలు మాత్రమే. వీటిని డిజిటల్‌తో తిప్పొచ్చా?

#14 రెండుతీగలు
శుభ్రంగా తిప్పొచ్చు. రెండు తీగల డ్రైవ్‌కి ఒక పక్క కరెంటు పంపితే ఒక దారి, తిప్పి పంపితే ఇంకో దారి. కంట్రోల్ పెట్టె ఏసీలో ఒక సగం అలని కానీ రెండో సగాన్ని కానీ క్షణం పాటు పంపుతుంది, అంతే దాని రహస్యం. అలాంటి పల్స్ ఇచ్చే స్విచ్ డీకోడర్లు వస్తున్నాయి, ఒక్కోదానికి నాలుగు పాయింట్లు కలపొచ్చు. సెట్టింగ్‌లో పల్స్ మోడ్ ఉందో లేదో తప్పక చూడండి. ఆగకుండా కరెంటు ఇస్తే లోపలి చుట్ట వేడెక్కి మాడిపోతుంది.

కొత్తగా చాలామంది సర్వో మోటార్లు పెడుతున్నారు. టంగ్ రైలు మెల్లగా జరుగుతుంటే చూడటానికి నిజం రైలులా ఉంటుంది. అయితే పాత డ్రైవ్ టక్కున కొట్టి స్ప్రింగ్‌తో పట్టి ఉంచుతుంది, మధ్యలో చిన్న రాయి ఉన్నా నెట్టేస్తుంది. సర్వో అంత మొరటు కాదు. బయట వాడితే మూత బిగువుగా ఉండాలి.

#15 వానచినుకు
బయట పాయింట్ల మీద నాకున్న అనుభవం కలుపుతాను, ఎందుకంటే నా లైను ఏడాది పొడవునా వానలోనే ఉంటుంది.

మోటార్ పెట్టెలో నీరు చేరకుండా ఆపడం కష్టం, చేరిన నీరు పోయేలా చూడటం సులువు. కింద కంకర లోతుగా వేయండి, పాయింటు గుంటలో ఉండకూడదు. ఒకసారి నాకు కొత్త పాయింటు ఒకటి రెండో ఏడాదే మొరాయించింది. విప్పి చూస్తే అడుగున ఫ్రాగ్‌కి వెళ్లే తీగ ఇనుప స్క్రూతో బిగించి ఉంది, స్క్రూ తుప్పుగా మారి ముట్టుకుంటే పొడి రాలింది. స్టెయిన్‌లెస్ స్క్రూ వేసి, తీగని నేరుగా టంకం పెట్టాక మళ్లీ దాని జోలికి పోలేదు. మీరు కొన్నవాటిని నేలలో వేసే ముందు తిరగేసి ఒక్కో స్క్రూకి అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే మార్చేయండి.

మోటార్లే వద్దనుకునే వాళ్లకి గాలి సిలిండర్లు ఉన్నాయి. సన్నని గొట్టంలో గాలి పంపితే పిస్టన్ పాయింటుని మారుస్తుంది. తుప్పు పట్టే తీగే లేదు. నేను ఆరు అలా పెట్టుకున్నాను, తృప్తిగా ఉంది.

ఎండ సంగతి కూడా. పది మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడు ఎక్కడో ఒకచోట బయటపడాలి. పాయింటు రెండు కొసల్నీ గట్టిగా పాతేస్తే ఆ ఒత్తిడంతా టంగ్ రైళ్ల మీద పడి, మధ్యాహ్నం పాయింటు బిగుసుకుంటుంది, సాయంత్రానికి బాగైపోతుంది. మోటార్ చెడిందని చాలామంది దాన్ని మారుస్తారు. ఒక కొస వదులుగా ఉంచండి.

#16 ఆవిరిబండి
వానచినుకు గారు చెప్పిన మధ్యాహ్నం బిగుసుకోవడం నాకూ జరిగింది. టంగ్ రైలు, స్టాక్ రైలు మధ్య ఒక కాగితం కూడా దూరేది కాదు.

తోటపట్టా గారూ, మీ కొత్త పట్టా ఎత్తు ఎంత? కోడ్ 332 అయితే 8.4 మి.మీ., పాతవాటితో సమానం. కోడ్ 250 అయితే 6.35 మాత్రమే. రెండూ మామూలు జాయినర్‌తో కలిపితే 2 మి.మీ. మెట్టు వస్తుంది. దానికి మార్పు జాయినర్లు వేరే ఉంటాయి.

#17 తోటపట్టా
332యే అండీ, సమానంగా ఉన్నాయి.

పది రోజుల పని చెబుతాను. నాలుగు కొత్తవాటికీ చెక్ రైళ్ల మీద 1 మి.మీ. పట్టీలు అతికించాను. మొదటిదానికి కొసలు ఏటవాలు చేయడం మర్చిపోయాను, డీజిల్ ప్రతిసారీ అక్కడ తల ఎగరేసింది. అరగదీయగానే ఆగిపోయింది. తర్వాత ముక్కు మీద మార్కర్ పెన్‌తో నల్లగా పూసి రెండు ఇంజన్లనీ ఇరవై సార్లు నడిపాను. నలుపు చెక్కుచెదరలేదు.

అయినా పాత ఇంజన్ ఇంకా కొంచెం లేస్తోంది. డీజిల్ బోగీ దొర్లించి చూశాను, చక్రం వింగ్ రైలు మీద నుంచి ముక్కు మీదికి నేరుగా మారుతోంది, అడుగు తాకడం లేదు. ధైర్యం చేసి ఆకురాయి పట్టాను. ఒక్కో ఫ్రాగ్‌కి గంట పట్టింది. లోతు 3.1కి వచ్చాక ఆపాను. ఇప్పుడు కింద వెలుతురు కనిపించడం లేదు.

వ్యాగన్ చక్రాలు 40కి లాగాను, మళ్లీ ఎక్కలేదు. నాలుగో పాయింటు మైక్రోస్విచ్ మార్చి, మూత చుట్టూ గ్రీజు రాశాను. డిజిటల్ ట్రిప్ ఆగింది. స్క్రూలకి అయస్కాంతం పెడితే పదహారులో ఐదు అంటుకున్నాయి, మార్చేశాను.

పాతవి ఎనిమిదీ యార్డుకి వెళ్లాయి. అడుగు గాడిలో సన్నని పట్టీలు వేశాను.

#18 కొలబద్ద
మార్కర్ పూసి చూడటం చాలా మంచి పరీక్ష. నెల తర్వాత మళ్లీ పూయండి. చక్రాల లోపలి దూరం వేడికీ వాడకానికీ మెల్లగా మారుతుంది, ప్లాస్టిక్ ఇరుసు గొట్టాలున్న బండ్లకి మరీను.

#19 ఇత్తడిపెట్టె
పెదనాన్నగారు వచ్చారా తమ్ముడూ?

#20 తోటపట్టా
నిన్న వచ్చారు అన్నగారూ. కుర్చీ యార్డు పక్కనే వేశాను. చిన్న ఇంజన్‌ని ఆయనే నడిపారు, దారి మార్చకుండానే వెనక్కి తెచ్చి పాత పాయింటుని స్ప్రింగ్ మీద నెట్టుకుని పోనిచ్చారు. రెండుతీగలు గారు చెప్పింది గుర్తొచ్చి, మెయిన్ లైను మీద మాత్రం అలా వద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. కొత్త పాయింటు ఒకటి విడిగా ఉంది, అది చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని తిరగేసి, ఫ్రాగ్ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో వేలితో పట్టుకుంటూ చాలాసేపు చూశారు. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.